ఎర్ర మొహం నొక్కిన ఊరు

ద్రెన్కా
జనవరి, మంచు కురుస్తూనే ఉంది

ఇస్క్రా అక్కా,

కరవదు. షాకు కూడా కొట్టదు. నేను వేలు పెట్టి చూశాను. వెల్యా అవ్వకి మాత్రం ఇంకా నమ్మకం కుదరలేదు, శాలువా కొస వేలికి చుట్టుకుని మరీ నొక్కుతోంది.

నువ్వు అడగలేదులే. పొద్దుట్నించీ ఊరంతా నన్ను అదే అడుగుతోంది, చెప్పీ చెప్పీ అలవాటై నీకూ ముందు అదే రాసేశాను. పిన్ని నడిపే ఊరి ఆఫీసు తలుపు పక్కన ఒక పెట్టె పెట్టారు. ఇనప కాలు మీద నిలబడి ఉంటుంది, నా ఛాతీ దాకా వస్తుంది. దాని మీద మూడు మొహాలు. పచ్చది నవ్వుతుంది. పసుపుది ఏమీ అనదు. ఎర్రది మూతి ముడుచుకుని ఉంటుంది. పైన 'మా సేవ మీకు ఎలా ఉంది?' అని రాశారు. పని చేయించుకున్నవాళ్ళు పోయేటప్పుడు ఒక మొహం నొక్కి పోవాలట. పట్నం నుంచి మునిసిపాలిటీవాళ్ళు వ్యానులో వచ్చి దాన్ని బిగించి, పిన్ని పెట్టిన టీ తాగి, వాళ్ళు మాత్రం ఏమీ నొక్కకుండా వెళ్ళిపోయారు.

గోడకి ఒక కాగితం కూడా అంటించారు. ఇకనుంచి మేం ఊరివాళ్ళం కాదట, కస్టమర్లమట. రూసి తాత దాన్ని కళ్ళజోడు పెట్టుకుని ఒకసారి, తీసేసి ఒకసారి చదివాడు. మర్నాడు కట్టెల చీటీకి వచ్చి రుసుము దగ్గర బేరం మొదలుపెట్టాడు. కస్టమర్నన్నాక బేరం ఆడకపోతే పరువు తక్కువ కదా అంటాడు. పిన్ని ముద్ర చేత్తో పట్టుకుని, "మామా, బేరం కావాలంటే శనివారం సంతకి పో. అక్కడ గొర్రె మనిషిది, తగ్గిస్తాడు. ఇక్కడ అడవి నాది కాదు" అంది. తాత మెట్లు దిగి సగం వాకిలి దాకా నడిచాడు, సంతలోలాగా వెనక్కి పిలుస్తుందేమోనని. పిలవలేదు. తనే తిరిగొచ్చి చీటీ తీసుకున్నాడు.

నువ్వు చెప్పినట్టే పైన ఊరి పేరు రాశాను, అక్కా అని రాశాను. 'బాగున్నా' అని ఒక్క ముక్క పంపితే ఊరుకోనన్నావుగా. బడి మానేశాక ఇంత రాయడం ఇదే. రంపపు మిల్లులో దుంగలు మోసే వేళ్ళు కదా, ఫోన్లో ఒకటి నొక్కితే రెండక్షరాలు పడుతున్నాయి. నోటితో అయితే ఇందులో సగం కూడా చెప్పలేను, నీకు తెలుసు.

అమ్మ స్పెయిన్ నుంచి ఫోన్ చేసింది. స్ట్రాబెర్రీలు మొదలయ్యాయట, నడుం నొప్పట.

మించో


సోఫియా
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ కాకిమొహం,

నీ ఉత్తరం ట్రాములో చదువుతూ నవ్వుకుంటుంటే పక్కావిడ తన సంచీ దగ్గరికి లాక్కుంది. రూసి తాత వాకిలి దాకా వెళ్ళి తిరిగి రావడం నా కళ్ళకు కట్టింది.

తాత అనుకున్నదాంట్లో తప్పేం లేదురా. ఇక్కడ పెద్దవాళ్ళంతా అంటున్నది అదే, ఆఫీసుని కూడా కొట్టులా నడపాలని. జనం మెచ్చిన కొట్టుకి సరుకు వస్తుంది, మెచ్చని కొట్టుకి తాళం పడుతుంది. ప్రభుత్వ ఆఫీసుకి ఆ తాళం భయం లేదు కాబట్టే లోపలివాళ్ళు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటున్నారని. నాకది తప్పనిపించదు. నువ్వు చిన్నవాడివి, నీకు గుర్తుండదు. స్పెయిన్ కాగితాల కోసం అమ్మ పట్నంలో ఆ గాజు కిటికీ ముందు ఎన్నిసార్లు నిలబడిందో నేను చూశాను. లోపలావిడ పొద్దుతిరుగుడు గింజలు కొరుక్కుంటూ, తలెత్తకుండా రేపు రా అనేది. ఆ కిటికీ పక్కన ఇలాంటి పెట్టె ఉండుంటే అమ్మ ఎర్రదాన్ని విరిగిపోయేలా నొక్కేది.

ఇంతకీ మనవాళ్ళు ఏం నొక్కుతున్నారు? ఊరికే అడుగుతున్నాలే. పిన్ని మోకాళ్ళు ఎలా ఉన్నాయి? ఈ మధ్య ఎవరిమీదైనా విసుక్కుంటోందా?

నువ్వు ఇంకా అంతే వికారంగా ఉన్నావా, పెరిగి మరీ అధ్వానం అయ్యావా? ఫొటో పంపు.

అక్క


ద్రెన్కా
ఫిబ్రవరి, నీళ్ళ గొట్టం గడ్డకట్టింది

అక్కా,

ఎవరేం నొక్కుతున్నారో తొంగి చూడటం బాగోదు కదా. వెల్యా అవ్వైతే కోడి గుడ్ల మీద కూర్చున్నట్టు శాలువా మొత్తం పెట్టె మీద కప్పేసి, లోపల చెయ్యి పెట్టి నొక్కుతుంది. తర్వాత మూడుసార్లు పక్కకి తిరుగుతుంది. నేను కట్టెలు పేర్చుతున్నట్టు నటిస్తాను.

పిన్ని విసుక్కోవడమేంటి? పిన్నికి విసుక్కునే తీరిక ఎక్కడ? ఊళ్ళో ఆఫీసంటే ఆవిడొక్కతే. మొన్న పింఛనువాళ్ళు రూసి తాతతోనే ఫోన్లో మాట్లాడాలి అన్నారట. తాతకి ఫోన్లో ఏమీ వినపడదు. పిన్ని గొంతు బొంగురు చేసి, "నేనే రూసిని. చెప్పు బాబూ, చెవుడు నాకు, గట్టిగా చెప్పు" అంది. తాత పక్కనే కూర్చుని, తన గొంతు ఇంత బాగుంటుందని తెలీదన్నాడు. పని అయిపోయింది. పిన్ని ముద్ర వేశాక తాత బయటికొచ్చి పెట్టె ముందు నిలబడ్డాడు, చాలాసేపు.

నాకొకటి తెలుసుకోవాలనుంది. మనం నొక్కింది ఎక్కడికి పోతుంది? పెట్టె వెనకాల చిన్న దీపం మిణుక్కుమంటుంది. అవతల ఎవరో కూర్చుని చూస్తున్నట్టే ఉంటుంది. ఎవరూ లేనప్పుడు ఒకసారి దానికి 'బాగున్నావా' అన్నాను. నవ్వకు. మనుషులకన్నా దానికి చెప్పడం తేలిక.

ఆ అవతల ఉన్నవాళ్ళకి మేం కనపడతామా?

మించో


సోఫియా
బుధవారం

మించో,

ఇది పిన్నికి చెప్పకు. నీకొక్కడికే రాస్తున్నాను.

మీరు కనపడరు. నొక్కినవి కనపడతాయి. ఊరి పేరు, దాని పక్కన రంగు. వారం వారం పట్నానికి ఒక పట్టిక వెళ్తుంది. మునిసిపాలిటీ కింద ఉన్న ఊళ్ళన్నీ అందులో పైనుంచి కిందికి ఉంటాయి. అట్టడుగున ఉన్న ఊళ్ళలో ఆఫీసులు ఎత్తేస్తారు. వాటి బదులు ఒక కంపెనీకి కాంట్రాక్టు ఇస్తారు, వాళ్ళ వ్యాను పదిహేను రోజులకోసారి వచ్చి కూడలిలో కాసేపు ఆగుతుంది. కావలసినవాళ్ళు అప్పుడొచ్చి పని చేయించుకోవాలి.

ద్రెన్కా అందరికన్నా అడుగున ఉంది. కొంచెం తేడాతో కాదు. దాదాపు అంతా ఎరుపే.

ఉన్నదున్నట్టు చెప్పు. పిన్నికి ఏమైనా అయిందా? జబ్బా? ఎవరినైనా వెనక్కి పంపేస్తోందా, ఎవరి దగ్గరైనా చెయ్యి చాస్తోందా? నేను ఊరొదిలి చాలా ఏళ్ళయింది. మనుషులు మారతారు. నిజం తెలిస్తేనే నేనేమైనా చెయ్యగలను.

ఇస్క్రా


ద్రెన్కా
అదే రోజు సాయంత్రం

అక్కా,

ఫోను తీసి చూసి మళ్ళీ పక్కన పెట్టేశాను. పైన నా పేరు ఉంది. అమ్మమ్మ పోయినప్పుడు తప్ప నువ్వు నా పేరుతో ఎప్పుడూ మొదలుపెట్టలేదు. కింద కూడా అక్క అని లేదు. నా మీద కోపమేమో అనుకుని మిల్లులో దుంగ కాలి మీద వేసుకున్నాను. వేలు నల్లబడింది, అంతే.

పిన్ని చెయ్యి చాచడమా? ఆ మాట నువ్వు రాశావంటే నమ్మలేకపోతున్నాను.

ఎరుపు ఎందుకంటావు, అందరూ ఎర్రదే కదా నొక్కేది. నేనూ అదే నొక్కుతాను, రోజూ, మిల్లుకి పోతూ. మరి పిన్నిని మెచ్చుకుంటూ పచ్చ మొహం నొక్కితే దిష్టి తగలదూ? అందులోనూ అది ఎవరికో పోయి చేరుతుందాయె. వెల్యా అవ్వ నొక్కాక మూడుసార్లు తిరుగుతుందన్నానే, అది ఉమ్మడానికే. తు తు తు, కోళ్ళు దీని మీద రెట్టవెయ్య అని గొణుక్కుంటుంది. రూసి తాత ఆరోజు అంతసేపు నిలబడింది ఎందుకనుకున్నావు, ఎర్రదానికన్నా ఘోరమైన మొహం ఇంకొకటి ఉందేమోనని వెతుకుతున్నాడు. తన గొంతుతో పింఛను పని చేసిపెట్టిన మనిషికి ఆ మాత్రం ఎరుపు చాలదట.

పుట్టిన పిల్లని చూడ్డానికి వెళ్తే ఏమంటాం? ఛీ, ఎంత అనాకారిగా ఉందో అనే కదా. బంగారు తల్లి అంటే ఆ ఇంట్లోవాళ్ళు మళ్ళీ గడప తొక్కనిస్తారా?

పచ్చవి ఎక్కడ పడతాయో తెలుసా, పక్క ఊళ్ళో. అక్కడి ఆఫీసులో స్తామెన్ ఉన్నాడు చూడు, పెట్టె సరిగ్గా తన బల్లకి ఎదురుగా పెట్టించుకుని కాళ్ళు బారజాపి కూర్చుంటాడట. ఆయన కళ్ళలోకి చూస్తూ ఎరుపు నొక్కే మొనగాడు ఇంకా పుట్టలేదు. నొక్కి, థాంక్స్ కూడా చెప్పి వస్తారట.

నువ్వు కూడా నన్ను కాకిమొహం అనేగా రాస్తావు. నీకు తెలీకపోవడం ఏంటి?

ఇంకొకటి. ఈ పట్టిక సంగతి పిన్నికే తెలీదు, సోఫియాలో ఉన్న నీకెలా తెలిసింది?

మించో


సోఫియా
శుక్రవారం

ఒరేయ్ కోతి,

నీ ఉత్తరం ఆఫీసులో చదివాను. చదివి నవ్వాను. నవ్వుతూనే ఉన్నాను, ఆగలేదు, పక్క బల్లవాళ్ళు నీళ్ళు తెచ్చిచ్చారు. ఇంటికెళ్ళాక ఏడ్చాను.

ఆ అవతల కూర్చుని చూసేది నేనేరా.

మా కంపెనీకే మీ మునిసిపాలిటీ ఈ పని ఇచ్చింది. మూడు మొహాలు నేనే ఎంచాను. ఎర్రదాని మూతి ఎంత వంకరగా ఉండాలని ఒక మధ్యాహ్నమంతా కూర్చుని గీయించాను. గాజు కిటికీ ముందు నిలబడ్డ అమ్మ కోసమే చేస్తున్నాను అనుకున్నాను. ద్రెన్కా పక్కన ఎరుపు చూసినప్పుడు నాకు దిష్టి గుర్తురాలేదు. పిన్ని చెడిపోయిందనుకున్నాను. నిన్ను కాకిమొహం అని పిలుస్తూనే, పిన్ని గురించి ఒక రంగుని నమ్మేశాను. ఇదే నాకు మింగుడుపడటం లేదు.

మా పై ఆయనకి చెప్పాను. చెడ్డవాడు కాదు. శ్రద్ధగా విని, అయితే ఆ ఊరికి ఎరుపుని పచ్చగా లెక్కేద్దామా అన్నాడు. అప్పుడు నిజంగా కోపంతో నొక్కినవాళ్ళ సంగతేంటి అన్నాను. అయితే ప్రతి ఎరుపూ కోపమో ప్రేమో ఎలా తెలుస్తుంది అన్నాడు. తర్వాత ఆ ఫిదాంకా నీకేమవుతుంది అని అడిగాడు. మా పిన్ని, నన్ను పెంచింది అన్నాను. ముందే చెప్పాల్సింది అన్నాడు. న్యాయమే. నన్ను ఈ పని నుంచి తీసేశారు. ఇప్పుడు పార్కింగ్ మీటర్లు చూస్తున్నాను.

పోతూ పోతూ ఒక్కటి సాధించాను. తాళం వేసేముందు కౌన్సిల్ నుంచి ఒక మనిషి మీ ఊరొచ్చి జనాన్ని మొహామొహీ అడుగుతాడు. గెరోవ్ అని. మార్చి మొదట్లో, గురువారం. ఆయన ఏది రాసుకుపోతే అదే ఖాయం. నేను వస్తే పిన్ని కోసం పెంచిన కూతురు వచ్చింది అన్నట్టు ఉంటుంది, రాకూడదు. అక్కడ నువ్వు మాట్లాడాలి. దిష్టి సంగతి ఆయనకి చెప్పాలి.

పిన్నికి నా సంగతి చెప్పొద్దు. నేనే చెప్పుకుంటాను, ధైర్యం వచ్చాక.

అక్క


ద్రెన్కా
అక్కా, నావల్ల కాదు

బస్సులో ఆపమని అడగలేక దిగాల్సిన చోటు దాటిపోయి వెనక్కి నడిచొచ్చేవాణ్ణి నేను. కొట్లో ఉప్పు అడగాల్సి వస్తే, ఎవరైనా అడుగుతారేమో వాళ్ళ వెనకే నాకూ అందాం అని నిలబడతాను. బడి మానేసింది కూడా లెక్కలు రాక కాదు. టీచరు లేపితే నోరు పెగలక. కౌన్సిల్ మనిషి ముందు దిష్టి గురించి నేనేం చెప్తాను? మాకు పిచ్చనుకుంటాడు.

గెరోవ్ వస్తున్నట్టు పిన్నికి కాగితం వచ్చింది. ఎందుకో అర్థమైంది. అన్నం పెడుతూ, ఆఫీసు తీసేస్తే నేనూ మీ అమ్మ దగ్గరికి పోతాలే, రెండు చేతులుంటే ఎక్కడైనా బతకొచ్చు అంది. మామూలుగా అంది. కానీ పిన్ని కూడా పోతే ఈ ఇంట్లో పొయ్యి వెలిగించేది నేనొక్కణ్ణే. ఎవరి కోసం వెలిగించాలి?

నువ్వు రాకూడదా?


సోఫియా
వెంటనే

కోతిపిల్లా,

రాకూడదురా. వస్తే ఆయన నా మొహం చూస్తాడు, మీ మాట వినడు.

మాట్లాడలేకపోతే మాట్లాడకు. టీచరు ముందు నోరు పెగలనివాడివి నాకింత పొడుగు ఉత్తరాలు ఎలా రాస్తున్నావు? ఎదురుగా నేను లేను కాబట్టి. అంతే కదా. మనూళ్ళో అందరిదీ అదే జబ్బు, నీదొక్కడిదే కాదు. దాన్ని పట్టుకుని ఏదైనా ఆలోచించు.

అక్క


ద్రెన్కా
గురువారం, అందరూ వెళ్ళిపోయాక

అక్కా,

అందరూ వచ్చారు. మార్చి నెల వచ్చిందని చేతులకి ఎరుపు తెలుపు దారాలు కట్టుకుని, పండక్కి వచ్చినట్టు వచ్చారు. కుర్చీలు చాలక రూసి తాత కట్టెల పెట్టె మీద కూర్చున్నాడు. గెరోవ్ పొడుగ్గా ఉన్నాడు, గుమ్మం దగ్గర వంగి వచ్చాడు. చెడ్డ మనిషిలా లేడు, జలుబు చేసిన మనిషిలా ఉన్నాడు. పిన్ని పొయ్యి పక్కన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గోళ్ళు శుభ్రంగా కడుక్కుని వచ్చింది, నేను చూశాను.

ఈ ఆఫీసు వల్ల మీకేమైనా ఉపయోగం ఉందా, ఈవిడ పని ఎలా ఉంది, మొహమాటం లేకుండా చెప్పండి అన్నాడాయన.

పిన్ని అక్కడే ఉంది కదా.

వెల్యా అవ్వ లేచింది. "ఏముంది నాయనా చెప్పడానికి? దండగమారి మనిషి. దీని మొహం చూస్తే ఆవు పాలివ్వదు. కోళ్ళు దీని మీద రెట్టవెయ్య" అంది, ఎంతో ప్రేమగా. గెరోవ్ రాసుకున్నాడు. రూసి తాత, ముద్ర వేయడం కూడా రాదు, వంకరగా వేస్తుంది అన్నాడు. ఆ వెనక అందరూ అందుకున్నారు. బద్ధకస్తురాలంది ఒకావిడ. దాని టీ కుడితిలా ఉంటుందన్నారు ఇంకెవరో. ఒకళ్ళని మించి ఒకళ్ళు తిట్టారక్కా. పిన్ని తల వంచుకుంది, చెవులు ఎర్రబడ్డాయి, నోరు బిగబట్టుకుంది. బాధ కాదు. అంత మెప్పు ఒక్కసారిగా మీద పడితే ఎవరికైనా అలాగే ఉంటుంది. కానీ గెరోవ్ కలం ఆగకుండా పోతోంది.

ఇలాంటి మనిషిని ఇన్నేళ్ళు ఎలా భరించారు అని అడిగాడు చివరికి.

"ఏం చేస్తాం, మా నుదుట ఈ చెత్తే రాసిపెట్టి ఉంది" అంది అవ్వ, కళ్ళు తుడుచుకుంటూ.

ఆయన పుస్తకం మూస్తున్నాడు. అప్పుడు నువ్వు రాసింది గుర్తొచ్చింది, ఎదురుగా లేకపోతే అని. నా కాళ్ళు వాటంతటవే లేచాయి.

"పిన్నీ, పొయ్యిలోకి కట్టెలు" అన్నాను.

"నిండా ఉన్నాయిగా. తాత వాటిమీదే కూర్చున్నాడు" అంది పిన్ని.

"అవి పచ్చివి."

పచ్చివి కావు, నేనే ఎండబెట్టి పేర్చాను, ఆవిడకీ తెలుసు. నా మొహంలోకి చూసింది, లేచి బయటికెళ్ళింది. నేను తలుపు మూసి గడియ పెట్టేశాను. గదిలో అన్ని కళ్ళూ నా మీదే ఉన్నాయి. నాకు చెవుల్లో మిల్లు నడుస్తున్నట్టుంది. బల్ల మీద వేళ్ళతో మూడుసార్లు కొట్టాను, మెచ్చుకునేటప్పుడు దిష్టి తగలకుండా చెక్క మీద కొడతామే, అలాగ.

"ఇప్పుడావిడ లేదు. చెక్క కొట్టి, నిజం చెప్పండి" అన్నాను. అంతే అన్నాను. తర్వాత గోడకి ఆనుకుపోయాను.

వెల్యా అవ్వ తలుపు వైపు ఒకసారి చూసి, బల్ల మీద మూడుసార్లు కొట్టింది. తన ముసలాయన పోయినప్పుడు దారులన్నీ మూసుకుపోతే ఫిదాంకా ముద్రా సిరా చంకలో పెట్టుకుని మోకాళ్ళ లోతు మంచులో తన గుమ్మంలోకి వచ్చిందని, కాగితం రాశాక వెళ్ళిపోకుండా కూర్చుని బంగాళదుంపలు ఒలిచి వంట చేసిపెట్టిందని చెప్పింది. రూసి తాత కట్టెల పెట్టెనే కొట్టాడు. గొంతు సంగతి చెప్పాడు. చెప్పాక కంగారుపడి, అది నేరమైతే రాసుకోకండి అన్నాడు. తర్వాత కుర్చీ కొట్టి ఒకరు, కిటికీ చట్రం కొట్టి ఒకరు. గదంతా వడ్రంగిపిట్టలు వాలినట్టు చప్పుడు. ఆ చప్పుడులో తలుపు మీద కూడా కొడుతున్నారు. అది ఇంకో మెప్పు కాదు, పిన్ని. చేతుల నిండా కట్టెలతో లోపలికి రానివ్వమని కాలితో తంతోంది. ఎవరూ తియ్యలేదు, చెప్పాల్సినవాళ్ళు ఇంకా ఉన్నారు.

గెరోవ్ కలం పక్కన పెట్టేసి చాలాసేపయింది. మరి పెట్టె మీద ఎర్రది ఎందుకు నొక్కారమ్మా అని అవ్వనడిగాడు.

"నీకు పిల్లలున్నారా?"

ఒక కూతురుందన్నాడు.

"ఇరుగమ్మలందరి ముందూ దాన్ని బంగారం అంటావా?"

ఆయన ముక్కు తుడుచుకున్నాడు. వెళ్ళేటప్పుడు పెట్టె ముందు ఆగాడు. ఏదీ నొక్కలేదు గానీ, గుమ్మం చట్రం మీద వేళ్ళతో మెల్లగా కొట్టి వెళ్ళాడు. చూసుకోకుండా వంగడం మర్చిపోయి తల కూడా కొట్టుకున్నాడు.

లోపలికొచ్చి పిన్ని, ఏంట్రా ఆ చప్పుడు, బల్లలు విరగ్గొట్టారా అంది. అవునన్నాను.

మించో


సోఫియా
శనివారం

ఒరేయ్ నా దిక్కుమాలిన వెధవా,

నువ్వు ఆ గదిలో మాట్లాడావు. ఎన్నిసార్లు చదివానో చెప్పను, నీకే దిష్టి తగులుతుంది. మీటర్ల కాగితాల మీద చెక్క దొరకక పెన్సిల్ కొట్టాను.

కౌన్సిల్‌లో ఏమైందో నాకిప్పుడు ఎవరూ చెప్పరు. తెలియగానే రాయి.

పిన్నికి చెప్పడానికి రెండుసార్లు ఫోన్ తీశాను. ఆవిడ అలో అనగానే మోకాళ్ళ గురించి అడిగి పెట్టేశాను. ఇన్నాళ్ళూ నిన్ను పిరికివాడన్నానే. నా బదులు నువ్వే చెప్పు. ఏం తిట్టిందో ఒక్క ముక్క వదలకుండా రాయి.

అక్క


ద్రెన్కా
మార్చి ఆఖరు, ఊరి పైన చెట్టు పసుపుగా పూసింది

ముంగిమూతి అక్కా,

ఆఫీసు ఉంది. కాగితం వచ్చింది. మళ్ళీ ఏడాది చూస్తారట. వ్యాను మాత్రం స్తామెన్ ఊరికి పోతుందట, గెరోవ్ అక్కడికీ వెళ్ళి ఆయన్ని కట్టెలకి పంపించి జనాన్ని అడిగాడట. పెట్టె ఇక్కడే ఉంటుంది, అద్దె గడువు తీరలేదట.

కానీ మీటింగు అయిన మర్నాడే పిన్ని మెట్ల మీద జారి మడమ మెలిపెట్టుకుంది. అక్కడ ఎప్పుడూ మంచు గడ్డకట్టి ఉంటుంది, రోజూ అదే మెట్టు దిగుతుంది, ఎన్నడూ జారలేదు. వెల్యా అవ్వ నిప్పు కణికలు నీళ్ళలో వేసి దిష్టి తీస్తూ నన్ను తిట్టింది. "అంతమంది చేత ఒకేరోజు పొగిడించావు, చెక్క ఎంతకని ఆపుతుంది?" అని. నాకు తెలీదక్కా. మంచా, మెప్పా? ఊరు మాత్రం రోజూ వంతులేసుకుని ఇంటికే వచ్చి ముద్రలు వేయించుకుని, వేడి వేడి జున్ను రొట్టె, బానిత్సా, పెట్టి పోతోంది. పోతూ కుంటిది అని తిట్టి పోతోంది.

నీ సంగతి చెప్పేశాను. కాలు వేడినీళ్ళలో పెట్టుకుని వింది. మొహాలు నువ్వే ఎంచావని, పట్టిక చూసి తనని అనుమానించావని, పని నుంచి తీసేశారని, అన్నీ. అమ్మ కిటికీ ముందు నిలబడేదని రాశావే, అది చెప్పినప్పుడు మాత్రం నీళ్ళలో కాలు కదిలింది. నువ్వు అడిగినట్టు తిట్లు రాద్దామని కాచుకుని కూర్చున్నాను. ఒక్కటీ రాలేదు.

ఈ పొద్దున కర్ర పట్టుకుని ఆఫీసుకి వచ్చింది. తలుపు తీసేముందు పెట్టె దగ్గర ఆగింది. ఇంతకాలం దాని పక్కనుంచి పోవడమే గానీ ఎప్పుడూ తాకలేదు.

"ఇది మన ఇస్క్రా చేసిందేనా?" అంది.

అవునన్నాను.

"ఇక్కడ నొక్కితే దానికి తెలుస్తుందా?"

నువ్విప్పుడు మీటర్లు చూస్తున్నావు, తెలీదు. అయినా తెలుస్తుంది అన్నాను.

కళ్ళజోడు పెట్టుకుంది. మూడు మొహాలూ దగ్గరగా వంగి చూసింది, ఎర్రదాని మూతి మీద వేలితో రాసి చూసింది, నువ్వు మధ్యాహ్నమంతా గీయించావే, దాన్ని. తర్వాత నన్ను అటు తిరగమంది. తిరిగాను. పూర్తిగా కాదు.

ఒకటి నొక్కింది. ఏదై ఉంటుందంటావు?